భూగర్భ జలాల రిపోర్టు నమ్మాలంటే ముందు శాంపిల్ ఎలా తీశారో అడగాలి

ఫ్యాక్టరీ పక్కనున్న ఊళ్లో బోరు నీళ్లు రంగు మారాయనో, వాసనొస్తున్నాయనో గొడవ మొదలైతే ఆ తర్వాత జరిగే తంతు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. ధర్నా, పేపర్లో వార్త, జీపులో ఎవరో వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోవడం, కొన్ని వారాలకు ఒక రిపోర్టు. అన్నీ పరిమితుల లోపే ఉన్నాయని అందులో ఉంటుంది. ఊరివాళ్లు చందాలేసుకుని ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే అంకెలు వేరేగా వస్తాయి. ఇక అక్కణ్నుంచి వాదనంతా ఏ ల్యాబ్ అమ్ముడుపోయిందన్న దాని మీదకు మళ్లుతుంది. ల్యాబ్‌లు అమ్ముడుపోవని నేననను. కానీ రెండు ల్యాబ్‌లూ నిజాయతీగా పరీక్ష చేసి, రెండూ సరైన అంకెలే ఇచ్చి, అయినా ఆ అంకెలకీ భూమి లోపలున్న నీటికీ సంబంధం లేకుండా పోవడం చాలా మామూలుగా జరిగేదే. ల్యాబ్ చూసేది సీసాలో ఉన్న నీళ్లని. ఆ సీసాలోకి ఏ నీళ్లొచ్చాయి, ఎలా వచ్చాయి, దారిలో వాటికేమైంది అన్నది బావి దగ్గర తేలిపోయి ఉంటుంది.

మన దగ్గర ఈ మాట హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు గురించి చెప్పకుండా ముందుకు సాగదు. 1970ల నుంచి అక్కడ పరిశ్రమలు పెరిగాయి, బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలు వచ్చాయి, వ్యర్థాలు నక్కవాగులోకి, అక్కణ్నుంచి మంజీరలోకి పోయాయి. 1990లోనే వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. అయితే ప్రపంచం ఉలిక్కిపడింది మాత్రం 2007లో. దాదాపు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొస్తున్న నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని స్వీడన్ పరిశోధకులు ఆ ఏడాది ప్రచురించారు. 2009లో వచ్చిన ఇంకో పరిశోధనలో చుట్టుపక్కల ఆరు ఊళ్ల బావుల నీళ్లు తీసి 12 మందుల కోసం వెతికితే, చూసిన ప్రతి బావిలోనూ మందుల ఆనవాళ్లు దొరికాయి. సిప్రోఫ్లాక్సాసిన్, సెటిరిజిన్ లాంటివి కొన్ని బావుల్లో లీటరుకు ఒక మైక్రోగ్రాము దాటాయి. సెటిరిజిన్ అంటే జలుబు చేసి ముక్కు కారుతుంటే మనం వేసుకునే మాత్రే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. ఫ్లోరైడ్, నైట్రేట్, సీసం, క్రోమియం, పురుగుమందుల్లో కొన్ని, అన్నీ ఉంటాయి అందులో. సెటిరిజిన్ లేదు. సిప్రోఫ్లాక్సాసిన్ లేదు. అంటే అవే బావుల నీళ్లని మామూలు పట్టిక ప్రకారం పరీక్ష చేయిస్తే, మందుల సంగతి ఆ రిపోర్టులో ఒక్క ముక్క కూడా ఉండదు. అబద్ధం ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు అంతే. అందుకే శాంపిల్ తీయడానికి పోయేముందు చేయాల్సిన మొదటి పని కుర్చీలో కూర్చుని చేసేది: ఆ ఫ్యాక్టరీ ఏం తయారుచేస్తుంది, ఏ సాల్వెంట్లు (వేరే పదార్థాల్ని కరిగించే రసాయన ద్రవాలు) వాడుతుంది, వ్యర్థం ఎక్కడ పోసేది అని కనుక్కుని, దేని కోసం వెతకాలో జాబితా రాసుకోవడం. ల్యాబ్‌కి ఆ జాబితా ముందే ఇవ్వాలి, ఎందుకంటే ఏ సీసా వాడాలన్నది కూడా దాన్ని బట్టే ఉంటుంది.

పైన చెప్పినవి ఊరి బావులు. జనం ఏం తాగుతున్నారో అవి చెప్తాయి, అది తక్కువ విషయమేం కాదు. కానీ కాలుష్యం ఎక్కడ మొదలైంది, ఎటు కదులుతోంది, ఎంత లోతులో ఉంది అనేది చెప్పడం వాటివల్ల కాదు. తెలంగాణలో చాలాచోట్ల పైన మొరం, కింద గ్రానైటు బండ. బోరు వేసేవాడు మొరం ఉన్నంతవరకే కేసింగ్ దించుతాడు, కింద బండలో వట్టి రంధ్రమే. నీళ్లు ఆ బండ పగుళ్లలోంచి వస్తాయి, ఒకటి 30 మీటర్ల దగ్గర, ఇంకోటి 90 దగ్గర. మోటారు వేస్తే అన్నీ కలిసి వస్తాయి. పైనున్న పగులులో విషం ఉన్నా కిందున్న మంచినీళ్లు దాన్ని పలచన చేసేస్తాయి, రిపోర్టు బాగానే ఉంటుంది. ఇంతకంటే ఘోరం ఏంటంటే, సీలు లేని ఆ రంధ్రమే పైనున్న చెడ్డనీళ్లు కిందకి దిగడానికి దారవుతుంది.

అందుకని పరిశీలక బావి వేరేగా కడతారు. మనవాళ్లు పీజోమీటర్ అంటారు. సన్నటి రంధ్రం, అందులో పీవీసీ పైపు, ఏ పొర నీళ్లు కావాలో సరిగ్గా ఆ లోతులో మాత్రమే సన్నటి చీలికలున్న ఫిల్టర్ పైపు. దాని చుట్టూ శుభ్రమైన గులక. గులక పైన బెంటొనైట్ మట్టి, ఇది తడిస్తే ఉబ్బి బిరడాలా బిగుసుకుంటుంది, ఆ పైన సిమెంటు. నేల మీద తాళం వేసే మూత. ఈ బెంటొనైట్ దగ్గర కక్కుర్తి పడితే మొత్తం ఖర్చు దండగ, ఎందుకంటే వానొచ్చినప్పుడు పైనీళ్లు పైపు వెంబడి జారి నేరుగా ఫిల్టర్ దగ్గరికి పోతాయి. ఫిల్టర్ ఏ లోతులో పెట్టారన్నదీ ముఖ్యమే. పెట్రోల్ బంకు ట్యాంకు కారుతుంటే పెట్రోలు నీటి మీద తేలుతుంది, కాబట్టి ఫిల్టర్ నీటిమట్టాన్ని దాటి పైకి కూడా ఉండాలి. ట్రైక్లోరోఇథిలీన్ లాంటి బరువైన సాల్వెంట్లు నీటికంటే కిందకి మునిగిపోయి బండ మీద కూర్చుంటాయి. ఒకదాని కోసం కట్టిన బావిలో రెండోది దొరకదు.

ఒక చిన్న హెచ్చరిక. ఊళ్లలో పంచాయతీ ఆఫీసు దగ్గరో స్కూల్ ఆవరణలోనో ప్రభుత్వం వేసిన పీజోమీటర్లు కనిపిస్తుంటాయి, కొన్నిటికి ఆటోమేటిక్ రికార్డర్లు కూడా ఉంటాయి. వాటిలో ఎక్కువ శాతం నీటిమట్టం కొలవడానికి వేసినవి. పక్కన పీజోమీటర్ ఉంది కదా అని ఫ్యాక్టరీ మీద నిఘా ఉందనుకోకండి.

ఇక దిశ సంగతి. భూమి లోపల నీళ్లు కూడా పల్లానికే పోతాయి, కాకపోతే ఆ పల్లం మనకు కనిపించేది కాదు. దాన్ని తెలుసుకోవడానికి కనీసం మూడు బావులు కావాలి, మూడూ ఒకే వరసలో ఉండకూడదు. ఒక బావి పైపు అంచు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది, అందులో నీళ్లు 12 మీటర్ల లోతున ఉన్నాయి అనుకుందాం. రెండోదాని అంచు 535 మీటర్లు, నీళ్లు 9 మీటర్లలోనే అందుతున్నాయి. చూడగానే రెండో బావిలో నీళ్లు పైకి ఉన్నాయనిపిస్తుంది. లెక్కేస్తే మొదటిదాని మట్టం 528, రెండోదాని మట్టం 526. అంటే నీళ్లు మొదటి బావి వైపు నుంచి రెండో బావి వైపే వస్తున్నాయి. పైపు అంచుల ఎత్తు సర్వే చేయించకుండా లోతులు మాత్రమే రాసుకొచ్చినవాళ్లు ఏది ఎగువ, ఏది దిగువ అని తారుమారుగా చెప్పేయగలరు. మన బండ నేలల్లో ఇంకో తలనొప్పి, పగుళ్లు ఎటుంటే నీళ్లు అటే పరిగెడతాయి కాబట్టి మూడు బావుల లెక్క ఒక్కోసారి ఉత్త అంచనానే అవుతుంది. అందుకే మూడుతో ఎవరూ సరిపెట్టుకోకూడదు.

ఎగువన కనీసం ఒక బావి ఎందుకుండాలో నల్గొండ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ఫ్లోరైడ్ రాళ్లలోంచే వస్తుంది. ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఫ్యాక్టరీ దిగువన 2.5 వచ్చిందనుకోండి, ఎగువన కూడా 2.5 ఉంటే ఫ్యాక్టరీని అనడానికి లేదు. ఎగువన 0.8 ఉంటే మాత్రం 'ఇది ప్రకృతి సహజం' అనే మాట చెల్లదు. ఆ మాట చెప్పాలంటే చూపించాల్సింది ఎగువ బావి అంకె. అది లేకుండా చెప్తే వినకండి.

ఇప్పుడు బావి దగ్గరికి వద్దాం. మనిషి వచ్చి మూత తీయగానే చేయాల్సింది నీళ్లు తోడటం కాదు, మట్టం కొలవడం. కొలతల టేపు చివర ఒక సెన్సర్ ఉంటుంది, నీళ్లు తగలగానే పైన బజర్ మోగుతుంది. పైపు అంచు మీద గీసిన గుర్తు దగ్గర, ప్రతిసారీ అదే గుర్తు దగ్గర, సెంటీమీటరు వరకు చదివి రాసుకోవాలి. ముందే నీళ్లు కదిపేస్తే ఆ అంకె ఇక దొరకదు.

ఆ తర్వాత అసలు కథ. పైపులో నిలబడి ఉన్న నీళ్లు నెలల తరబడి గాలి తగులుతూ పీవీసీకి ఆనుకుని ఉన్నవి. వాటిలోంచి ఎగిరిపోయే సాల్వెంట్లు ఎగిరిపోయి ఉంటాయి, ఇనుము తుప్పులా అడుగున పేరుకుని ఉంటుంది, పీహెచ్ మారి ఉంటుంది. ఆ నీళ్లు పొరలో ఉన్న నీళ్లు కావు. పాతకాలం నుంచి ఉన్న పద్ధతి, పైపులో నిలవున్న నీళ్లకి మూడింతలు తోడి పారబోసి ఆ తర్వాత శాంపిల్ పట్టడం. వినడానికి సులువే, లెక్కేసి చూడండి. లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లున్న పైపులో మీటరుకు సుమారు 7.85 లీటర్లు పడతాయి. బావి 40 మీటర్లు, నీళ్లు 12 మీటర్ల దగ్గర ఉంటే లోపల 28 మీటర్ల నీటి స్తంభం, అంటే దాదాపు 220 లీటర్లు. మూడింతలంటే 660. తాడు కట్టి దించే బెయిలర్‌లో ఒక లీటరు పడుతుందనుకుంటే 660 సార్లు దించి లాగాలి, ఎండలో, ఒక్క బావికి. ఎవరు చేస్తారు? నాలుగు బకెట్లు పారబోసి సీసా నింపేస్తారు, షీటులో మాత్రం 'మూడు వాల్యూమ్‌లు' అని రాస్తారు. శాంపిల్ తీయడానికి వచ్చిన టీమ్ ఒక బావి దగ్గర ఎంతసేపు ఉందో గమనిస్తే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది. అయిదు నిమిషాల్లో జీపు కదిలిందంటే ఆ సీసాలో ఉన్నది నిలవనీళ్లే.

బెయిలర్‌తో ఇంకో చిక్కు. అది పడ్డప్పుడల్లా పిస్టన్‌లా నీళ్లని కుదిపి అడుగు మట్టిని లేపుతుంది. బురద వస్తుంది. ఆ బురద రేణువులకి సీసం, క్రోమియం, అల్యూమినియం సహజంగానే అంటుకుని ఉంటాయి. దీన్నలాగే సీసాలో పోసి యాసిడ్ వేస్తే రేణువుల్లో ఉన్న లోహం కూడా కరిగి లెక్కలోకి వస్తుంది, లేని కాలుష్యం ఉన్నట్టు కనబడుతుంది. ఊరివాళ్లు చేయించిన పరీక్షలో అంకెలు ఎక్కువ రావడానికి ఒక్కోసారి కారణం ఇదే, దాన్ని పట్టుకుని అవతలివాళ్ల లాయరు మొత్తం కేసునే కొట్టిపారేయగలడు.

ఈ గొడవలన్నీ తప్పించడానికి 1990ల నుంచి వాడుకలోకి వచ్చింది నెమ్మదిగా తోడే పద్ధతి. ఫిల్టర్ పైపు ఎదురుగా చిన్న పంపు దించి నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల చొప్పున మాత్రమే లాగుతారు. అంత మెల్లగా లాగితే పైనున్న నిలవనీళ్లు కదలవు, పొరలోంచి తాజా నీళ్లే వస్తాయి. మట్టం 10 సెంటీమీటర్ల కంటే దిగకూడదు, దిగుతుంటే వేగం తగ్గించాలి. వచ్చే నీళ్లు ఒక చిన్న పారదర్శకమైన డబ్బాలోంచి పోతుంటాయి, అందులో మీటర్లు. మూడు నుంచి ఐదు నిమిషాలకొకసారి పీహెచ్, విద్యుద్వాహకత (నీళ్లలోంచి కరెంటు ఎంత పారుతుందన్న కొలత), కరిగిన ఆక్సిజన్, మడ్డితనం రాసుకుంటూ పోవాలి. విద్యుద్వాహకత మొదట 1840, తర్వాత 1795, 1780, 1775, 1772 అని వచ్చిందంటే నీళ్లు కుదురుకుంటున్నాయన్నమాట. వరుసగా మూడు రీడింగుల్లో పీహెచ్ తేడా 0.1 లోపు, వాహకత తేడా 3 శాతం లోపు, ఆక్సిజన్, మడ్డితనం 10 శాతం లోపు ఉంటే అప్పుడు సీసా తీయొచ్చు. దీనికి అరగంట పట్టొచ్చు, గంట పట్టొచ్చు. పారబోసేది కొన్ని లీటర్లే, కాబట్టి ఆ చెడ్డనీళ్లని డ్రమ్ములో పట్టి సరైన చోటికి పంపడం కూడా వీలవుతుంది. ఊట తక్కువున్న బావైతే ఇది కుదరదు, దాన్ని పూర్తిగా తోడేసి, మళ్లీ ఊరాక, ఒక రోజు దాటకుండా వచ్చి పట్టుకోవాలి.

పీహెచ్ ల్యాబ్‌లో చూస్తారులే అని వదిలేసేవాళ్లుంటారు. భూగర్భ జలంలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, బయటికొచ్చాక అది పోతుంటే పీహెచ్ పెరుగుతుంది. మర్నాడు ల్యాబ్‌లో చూసిన పీహెచ్ ఆ సీసాది, బావిది కాదు. ఇనుము ఉన్న బోర్ల దగ్గర బకెట్లో తేటగా పట్టిన నీళ్లు గంటకల్లా ఎర్రబడటం మీలో చాలామంది చూసే ఉంటారు. సీసాలోనూ అదే జరుగుతుంది. అలా ఏర్పడ్డ తుప్పు ఆర్సెనిక్ లాంటివాటిని తనతోపాటు పట్టుకుని అడుగుకి లాగేస్తుంది, పైనీళ్లు పరీక్ష చేస్తే తక్కువ కనిపిస్తుంది.

దానికి విరుగుడు సీసాల దగ్గర తీసుకునే జాగ్రత్త. కరిగిన లోహాలు కొలవాలంటే బావి దగ్గరే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, ఆ తర్వాత నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 కంటే కిందకి తేవాలి. ఈ వరస తిరగేస్తే ముందు చెప్పిన బురద కథే. ఫ్లోరైడ్‌కి ప్లాస్టిక్ సీసా. సాల్వెంట్లు, పెట్రోలు లాంటి ఎగిరిపోయేవాటికి 40 మిల్లీలీటర్ల గాజు సీసాలు, నీళ్లు అంచు పైకి ఉబ్బేలా నింపి మూత బిగించి, తిరగేసి వేలితో తట్టి చూడాలి. లోపల గాలి బుడగ కనిపిస్తే పారేసి మళ్లీ పట్టాలి, ఎందుకంటే వెతుకుతున్న పదార్థం నీళ్లలోంచి ఆ బుడగలోకే పోతుంది. సయనైడ్‌కి యాసిడ్ వేయకూడదు, సోడియం హైడ్రాక్సైడ్ వేయాలి. సూక్ష్మజీవుల కోసమైతే స్టెరైల్ సీసా, అదే రోజు ల్యాబ్‌కి చేరాలి. అన్నీ ఐసు పెట్టెలో, 4 డిగ్రీల దగ్గర. కూల్‌డ్రింకు బాటిల్ కడిగి నింపుకొచ్చిన నీళ్లతో టీడీఎస్ (నీళ్లలో కరిగున్న లవణాల మొత్తం), కాఠిన్యం చూసుకోవచ్చేమో, అంతకుమించి ఏమీ అడక్కండి.

కాలుష్యం మనిషి చేతి నుంచి కూడా వస్తుంది. పంపు నడపడానికి తెచ్చిన పెట్రోల్ జనరేటర్ గాలి వచ్చే వైపు పెడితే శాంపిల్‌లో బెంజీన్ దొరుకుతుంది. సీసా మీద రాసే మార్కర్ పెన్నులో సాల్వెంట్ ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ జరిగేది, మురికి బావిలో వాడిన తాడు, పంపు అలాగే శుభ్రమైన బావిలో దించడం. అందుకే తిరిగే వరస ఎప్పుడూ ఎగువన ఉన్న మంచి బావితో మొదలై బాగా చెడ్డదాంతో ముగియాలి, మధ్యలో ప్రతి బావికీ గ్లౌజులు మార్చి సామాను కడగాలి. ఇదంతా సరిగ్గా చేశారో లేదో పట్టుకోవడానికి కొన్ని దొంగ సీసాలు కూడా పంపుతారు: కడిగిన పంపులోంచి డిస్టిల్డ్ వాటర్ పోనిచ్చి పట్టిన సీసా ఒకటి, అసలు మూత తీయకుండా పెట్టెలోనే తిరిగొచ్చిన సీసా ఒకటి, ఒకే బావి నీళ్లు రెండు వేర్వేరు పేర్లతో. డిస్టిల్డ్ వాటర్ సీసాలో సాల్వెంట్ దొరికితే తప్పు ఎక్కడుందో వేరే వెతకక్కర్లేదు.

రిపోర్టు చేతికొచ్చాక మొదట చూడాల్సింది 'బీడీఎల్' అన్న మూడక్షరాలు. యంత్రం పట్టుకోగల పరిమితి కంటే తక్కువ అని దాని అర్థం. లేదు అని కాదు. సీసం అనే లోహానికి ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ల్యాబ్ పట్టుకోగల పరిమితి 0.05 అయితే, ప్రమాణానికి నాలుగు రెట్లున్న నీళ్లకి కూడా బీడీఎల్ అనే వస్తుంది. పరిమితి ఎంతో రాయని రిపోర్టులో బీడీఎల్‌కి విలువ లేదు. ఇంకోటి, టీడీఎస్ అనేది వాహకతలో సుమారు 0.55 నుంచి 0.75 వంతు ఉంటుంది. 1800 వాహకత పక్కన 400 టీడీఎస్ రాసి ఉంటే ఎక్కడో లెక్క తప్పింది.

ఒక్క రిపోర్టుతో ఏదీ తేలదన్నది కూడా మర్చిపోవద్దు. వానాకాలం తర్వాత కొన్ని పలచబడతాయి, నైట్రేట్ లాంటివి పైనేల నుంచి కొట్టుకొచ్చి పెరగొచ్చు కూడా. కేంద్ర భూగర్భ జల మండలి తన బావుల్లో మట్టం ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. ఈ మే నెల అంకెని పోయిన మే అంకెతో పోల్చాలి, నవంబరుతో కాదు.

చట్టం సంగతి కొంచెం. 1974 నాటి నీటి కాలుష్య చట్టం 21వ సెక్షన్ కింద ఏ బావి నుంచైనా శాంపిల్ తీసే అధికారం కాలుష్య నియంత్రణ మండలికి ఉంది. ఫ్యాక్టరీ వదిలే వ్యర్థజలం శాంపిల్ అయితే మాత్రం యాజమాన్యానికి నోటీసిచ్చి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఆ పద్ధతి పాటించకపోతే ఆ ఫలితం కోర్టులో సాక్ష్యంగా నిలబడదు. బావి నీళ్లకి చట్టం అంత కట్టుదిట్టం చేయలేదు, అయినా ఏ సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎన్నింటికి పోయిందో కాగితం మీద లేకపోతే ఎదుటి లాయరు పని తేలికైపోతుంది.

కాబట్టి ఊళ్లో ఎవరైనా ఆర్టీఐ వేసేటప్పుడు రిపోర్టు ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. ఆ రోజు బావి దగ్గర నింపిన ఫీల్డ్ షీటు, బావి ఎంత లోతు, ఫిల్టర్ ఎక్కడుందో చెప్పే నిర్మాణ లాగ్, సీసాల చేతులు మారిన ఫారం, ల్యాబ్ పరిమితులు, ఈ నాలుగూ పేరుపేరునా రాసి కాపీలు అడగండి. అవి మా దగ్గర లేవని జవాబిస్తే దాన్నీ దాచుకోండి, 'అన్నీ పరిమితుల లోపే' అన్న రిపోర్టు కోర్టులో బయటికి తీసిన రోజు దాని పక్కన పెట్టడానికి పనికొస్తుంది.